కత్తిపరిగె చేప: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

గత సంచికలో పులికాట్ సరస్సుకు వచ్చే పక్షుల గురించి వ్యాసం ప్రచురించినప్పుడు, అక్కడి గూడబాతులకు ఆహారమయ్యే చేపలలో కత్తిపరిగె ఒకటని అందులో ఒక్క వాక్యం రాశాము. పక్షుల మీద వచ్చిన ఉత్తరాల కంటే ఆ ఒక్క వాక్యం మీద వచ్చినవే ఎక్కువ. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి సూళ్లూరుపేట, తడ ప్రాంతాలు తిరుపతి జిల్లాలో చేరినప్పటి నుంచి ఉప్పునీటి చేప మన జిల్లా చేప కూడా అయింది కనుక ఈ ఆసక్తి సహజమే. ఇంగ్లీషులో గ్రే మల్లెట్ అనే ఈ చేపను కోస్తాలో కొన్నిచోట్ల బొంత అని, పులికాట్ దక్షిణపు ఒడ్డున తమిళం మాట్లాడే మత్స్యకారులు మడవై అని పిలుస్తారు. ఈ శీర్షికలో కత్తిపరిగె అనే పేరునే వాడుతున్నాము. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి, ఎంపిక చేసిన ప్రశ్నలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: మార్కెట్‌లో కిలోన్నర కత్తిపరిగె కొన్నాను. ఇంటికి తెచ్చి చూస్తే కళ్ల మీద జిగురులాంటి పొర ఉంది. కడుపు కోస్తే లోపలి గోడ మొత్తం మసి పూసినట్లు నల్లగా ఉంది. పేగుల మధ్య గోలీకాయంత గట్టి ముద్ద కనిపించింది, దానిని చీల్చితే ఇసుక రాలింది. చేప చెడిపోయిందని భయపడి పారవేశాను. అంగడివాడు మోసం చేశాడా? — ఒక గృహిణి, తిరుపతి

మీరు చెప్పిన మూడు లక్షణాలూ ఈ చేపకు పుట్టుకతో వచ్చినవే. వాటిని బట్టి మాత్రం అంగడివాడిని తప్పు పట్టడానికి లేదు.

కంటి మీద ఉన్నది కొవ్వు కణజాలంతో ఏర్పడిన పారదర్శకమైన రెప్ప. అది కంటిని ముందు నుంచీ వెనుక నుంచీ కప్పుతూ వచ్చి, కనుపాప మీద మాత్రం నిలువుగా సన్నని చీలికను వదులుతుంది. అందువల్ల చేప తాజాగా ఉన్నా, రాగండి కన్నో బొచ్చె కన్నో చూడడానికి అలవాటు పడినవారికి కత్తిపరిగె కన్ను మసకబారినట్లు అనిపిస్తుంది.

నాచు, కుళ్లిన ఆకుల పొడి, బురద మీది సూక్ష్మజీవులు తిని బతికే చేపలు చాలావాటిలో ఉదరకోశపు లోపలి పొర నల్లగానే ఉంటుంది. దానికీ కుళ్లిపోవడానికీ సంబంధం లేదు. అయితే దానిని అలాగే వదిలి వండితే కూరకు కొంత చేదు వస్తుంది కాబట్టి, కత్తి మొనతోనో ముతక ఉప్పు అద్దిన వేళ్లతోనో గీరి, నీళ్లు పోసి కడిగివేయాలి.

ఇక ఆ గట్టి ముద్ద కత్తిపరిగె కందనకాయ. కోడికి ఉన్నట్లే ఈ చేపకూ జీర్ణాశయం చివరి భాగం మందమైన కండరంగా మారి ఉంటుంది. చేప అడుగున ఉన్న బురదను, ఇసుకను పెదవులతో గీరి నోట్లోకి తీసుకుంటుంది. మొప్పల దగ్గర దువ్వెన పళ్లలా దట్టంగా అమరిన ముళ్లతో దానిని వడకట్టి, పనికిరాని ముతక భాగాన్ని చాలావరకు బయటికి వదులుతుంది, సన్నని ఇసుకతో కలిసిన ఆహారాన్ని మింగుతుంది. డయాటములు అనే సూక్ష్మ శైవలాలకు గాజు వంటి సిలికా కవచం ఉంటుంది. దంతాలు లేవనదగినంత చిన్నవైన ఈ చేపకు ఆ కవచాన్ని పగలగొట్టే తిరగలి ఆ కందనకాయే, అందులోని ఇసుక రేణువులే తిరగలి రాళ్లు. ఆ తరువాత వచ్చే పేగు చేప పొడవుకు అనేక రెట్లు ఉండి, చుట్టలు చుట్టలుగా కడుపు నిండా అమరి ఉంటుంది. మీకు కనిపించిన పేగుల గుట్ట అదే. తైవాన్‌లో ఈ కందనకాయలను విడిగా ఏరి, శుభ్రం చేసి వేయించి అమ్ముతారు.

తాజాదనం తెలుసుకోవడానికి మొప్పల రంగు, వాసన, కండ బిగువు, పొట్ట — ఈ నాలుగూ చూడండి. మొప్పలు ఎర్రగా ఉండాలి, గోధుమరంగుకు తిరగకూడదు. వేలితో నొక్కిన గుంట వెంటనే పైకి లేవాలి. అన్నిటికంటే ముఖ్యం పొట్ట. ఎప్పుడూ నిండుగా ఉండే పేగులలోని జీర్ణరసాలు, చేప చచ్చిన తరువాత కడుపు గోడనే తినివేయడం మొదలుపెడతాయి. పొట్ట మెత్తబడి పక్కటెముకలు చీల్చుకొని బయటికి వస్తున్న చేపను ఎంత చవకగా ఇచ్చినా కొనకండి. మంచి చేప కొన్న రోజునే పొట్ట శుభ్రం చేయించండి. రేపు చూద్దామని అలాగే ఫ్రిజ్‌లో పెట్టడం ఈ చేప విషయంలో పనికిరాదు.

బురద వాసన గురించి కూడా కొందరు రాశారు. కొన్ని నీలి ఆకుపచ్చ శైవలాలు, బాక్టీరియాలు తయారు చేసే జియోస్మిన్ అనే పదార్థం చేప చర్మంలోను, కొవ్వులోను చేరడం వల్ల ఆ వాసన వస్తుంది. పులుపు తగిలితే ఆ పదార్థం విచ్ఛిన్నమవుతుంది. చింతపండు పులుసులో ఉడికించే మన ఇంటి పద్ధతికి రసాయన శాస్త్రం కూడా అండగానే ఉంది. వేపుడు చేయదలచుకున్నవారు ముక్కలకు నిమ్మరసమో చింతపండు గుజ్జో పట్టించి కాసేపు ఉంచి కడగవచ్చు.

ప్రశ్న: సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద బస్సులో పోతుంటే, రెండు వైపులా నీటిలో చేపలు ఎగిరి పడటం చూస్తాము. అవి ఎందుకు ఎగురుతాయి? — డిగ్రీ విద్యార్థి, సూళ్లూరుపేట

ఎగిరేవి అన్నీ కత్తిపరిగెలే కాకపోవచ్చు కానీ, ఎక్కువ భాగం అవే అయి ఉంటాయి. ఇందుకు ఒకే కారణం లేదు. మీరు ఈసారి కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఎగిరిన చేప నీటిలోకి ఎలా తిరిగి పడుతుందో గమనించండి. పండుగప్ప వంటి వేటాడే చేప తరిమినప్పుడు, నీటికాకి మునిగి వెంటపడినప్పుడు, వల దగ్గరకు వచ్చినప్పుడు చాలా చేపలు ఒకేసారి వేగంగా లేచి, తల ముందుగా తిన్నగా నీటిలోకి దిగుతాయి. ఏ అలజడీ లేని చోట ఒంటరి చేప నిదానంగా లేచి పక్కకు ఒరిగి, చప్పుడు చేస్తూ పడుతుంది. ఈ రెండవ రకం ఎగురుడుకు శ్వాసతో సంబంధం ఉందని కొందరు పరిశోధకుల అభిప్రాయం. ఆక్సిజన్ తక్కువగా ఉన్న నీటిలో మొప్పలకు పైనున్న చిన్న గదిలో గాలి నింపుకోవడానికి అది పైకి వస్తుందని, అలాంటి నీటిలో ఈ ఎగురుళ్లు పెరుగుతాయని వారు గుర్తించారు. చర్మం మీది పరాన్నజీవులను దులుపుకోవడానికి అని మరో వాదన ఉంది కానీ, మొదటి వాదనకు ఉన్నంత బలం దానికి కనిపించదు.

ప్రశ్న: పులికాట్‌లో ఏడాది పొడుగునా దొరుకుతుంది కనుక ఈ చేప సరస్సులోనే గుడ్లు పెడుతుందని మా ఊరిలో అందరూ నమ్ముతారు. ఒక పుస్తకంలో మాత్రం సముద్రంలో గుడ్లు పెడుతుందని చదివాను. ఏది సరి? — ఉపాధ్యాయుడు, నాయుడుపేట

పుస్తకం చెప్పినదే సరి. ఈ చేప జీవితంలో అన్నిటికంటే ఆసక్తికరమైన భాగం కూడా ఇదే కనుక కొంత వివరంగా రాస్తున్నాము.

మ్యూజిల్ సెఫాలస్ అని 1758లో లిన్నేయస్ పేరు పెట్టిన ఈ జాతి, ఉష్ణమండలంలోను దానికి ఆనుకొని ఉన్న వెచ్చని ప్రాంతాలలోను దాదాపు ప్రపంచమంతటి తీరాలలో కనిపిస్తుంది. పులికాట్‌లో దీనితోపాటు దీని దాయాదులు మరికొన్ని జాతులు కూడా ఉన్నాయి. వాటి గుడ్లు పెట్టే కాలాలు వేరువేరు. ఏడాది పొడుగునా దొరుకుతున్నట్లు అనిపించడానికి అది కూడా ఒక కారణం. మనం కత్తిపరిగె అనే పెద్ద జాతి సంగతి చూద్దాము.

మగ చేప రెండు మూడు ఏళ్లకు, ఆడ చేప మూడు నాలుగేళ్లకు ఈడుకు వస్తుంది. ఈశాన్య రుతుపవనాలు వచ్చి, స్వర్ణముఖి, కాళంగి, ఆరణి వంటి ఏర్లలో నీళ్లు పారి, సరస్సు నీరు పలచబడి, ఇసుక మేటలు కోసుకొనిపోయి ముఖద్వారాలు తెరుచుకునే రోజులలో, గుడ్లతో బరువెక్కిన చేపలు గుంపులు కట్టి సముద్రంలోకి వెళ్తాయి. మన తూర్పు తీరంలో అక్టోబరు నుంచి జనవరి వరకు ఇది సాగుతుంది. ఒక ఆడ చేప తన పరిమాణాన్ని బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల వరకు గుడ్లు వదులుతుంది. గుడ్డు ఒక మిల్లీమీటరుకు మించదు. దానిలో ఒక నూనె బొట్టు ఉంటుంది, గుడ్డు ఉప్పునీటిలో తేలడానికి ఆ బొట్టు కూడా తోడ్పడుతుంది. ఉప్పు తగినంత లేని నీటిలో గుడ్లు అడుగుకు దిగి పాడవుతాయి. వర్షాకాలంలో మంచినీటితో నిండిన సరస్సు గుడ్లకు పనికిరాకపోవడానికి ముఖ్య కారణం ఇదే. రెండు రోజులలోపే గుడ్డు పగిలి, రెండున్నర మిల్లీమీటర్ల పిల్ల బయటికి వస్తుంది. తల్లిదండ్రుల సంరక్షణ అంటూ ఏమీ లేదు. లక్షలలో పుట్టి పదులలో మిగిలే బతుకు అది.

మొదట్లో ఈ పిల్లలు నీటిలో తేలే సూక్ష్మ జంతువులను తింటాయి. రెండు మూడు సెంటీమీటర్ల వెండి పిల్లలుగా ఎదిగే సరికి గుంపులుగా తీరానికి చేరి, పోటు నీటితో పాటు ముఖద్వారాల గుండా ఉప్పుటేర్లలోకి, సరస్సులోకి ప్రవేశిస్తాయి. అక్కడ లోతు తక్కువ, వెచ్చదనం ఎక్కువ, పెద్ద చేపల బెడద తక్కువ, అడుగున బురద నిండా ఆహారం ఉంటుంది. ఆ తరువాతే ఇవి బురద మేతకు అలవాటు పడతాయి, కందనకాయ గట్టిపడుతుంది, పేగు పొడవు పెరుగుతుంది.

ఉప్పును తట్టుకొనే శక్తి కూడా ఈ దశలోనే పూర్తిగా వస్తుంది. నాలుగు నుంచి ఏడు సెంటీమీటర్ల పొడవుకు వచ్చేసరికి మంచినీటిలోను, లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉండే సముద్రపు నీటిలోను సమానంగా బతకగలుగుతుంది. పెద్ద చేప అంతకు రెట్టింపు ఉప్పును కూడా భరించిన సందర్భాలు ఉన్నాయి. ఉప్పునీటిలో ఉన్నప్పుడు చేప ఆ నీటిని తాగి, ఎక్కువైన ఉప్పును మొప్పలలోని ప్రత్యేక కణాల ద్వారా బయటికి నెట్టివేస్తుంది. మంచినీటిలోకి రాగానే అదే మొప్పలు ఉప్పును లోపలికి లాక్కుంటాయి, మూత్రపిండాలు అదనపు నీటిని బయటికి పంపిస్తాయి. వర్షాకాలంలో మంచినీటికి దగ్గరగాను, వేసవిలో ఉత్తర భాగం ఎండిపోతూ సముద్రం కంటే ఉప్పగాను మారే పులికాట్‌లో ఇది హాయిగా బతుకుతుందంటే ఈ ఏర్పాటు వల్లనే.

కాబట్టి ఈ చేపకు నీటి గుణం కంటే దారి ముఖ్యమని మా అభిప్రాయం. సరస్సు దక్షిణాన తమిళనాడులోని పళవేర్కాడు దగ్గర, ఉత్తరాన రాయదొరువు దగ్గర సముద్రంతో కలిసే ముఖద్వారాలు ఉన్నాయి. తీరం వెంబడి అలల ప్రవాహం మోసుకొచ్చే ఇసుక, ఏటి నీటి ఒత్తిడి తగ్గగానే వాటికి అడ్డంగా మేట వేస్తుంది. రాయదొరువు ముఖద్వారంలో పూడిక తీయాలని అక్కడి మత్స్యకారులు ఏళ్లుగా అడుగుతున్నది ఇందుకే. ఒక శీతాకాలం ముఖద్వారం మూసుకుపోతే పెద్ద చేపలు బయటికి పోలేవు, ఆ ఏటి పిల్లలు లోపలికి రాలేవు. అప్పటికే లోపల ఉన్న మొండి చేపలు మాత్రం బతికే ఉంటాయి, వలలో పడుతూనే ఉంటాయి. అందువల్ల నష్టం ఆ ఏడాది ఎవరికీ కనిపించదు. ఆ తరం అమ్మకానికి రావలసిన రెండు మూడేళ్ల తరువాతే లోటు బయటపడుతుంది, అప్పటికి కారణం ఎవరికీ గుర్తుండదు. సరస్సులో కత్తిపరిగెలు కనిపిస్తున్నాయి కనుక సరస్సు బాగున్నదనే మాటను మేము ఒప్పుకోలేకపోవడానికి ఇదే కారణం.

ప్రశ్న: ప్రతి ఏటా వేసవిలో సముద్రంలో వేటను నిషేధిస్తారు కదా. ఆ రక్షణ ఈ చేపకు సరిపోదా? — ఒక పాఠకుడు, చిత్తూరు

తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. పైన చెప్పినట్లు కత్తిపరిగె గుడ్లు పెట్టే కాలం శీతాకాలం. కనుక ఆ 61 రోజుల రక్షణ గుడ్ల చేపలకు నేరుగా అందదు. నిషేధం వల్ల ఇతర జాతులకు మేలు జరుగుతుంది, దానిని మేము తక్కువ చేయడం లేదు. కత్తిపరిగెకు కావలసింది అక్టోబరు నుంచి జనవరి వరకు ముఖద్వారాలకు అడ్డంగా వలలు కట్టకుండా చూడటం, ఆ తరువాత నెలలలో దోమతెర వంటి సన్నకన్ను వలలను ఉప్పుటేర్లలో వాడకుండా చూడటం. గుడ్లతో ఉన్న చేపకు ధర ఎక్కువ పలుకుతుంది కాబట్టి ఇది చెప్పినంత సులభం కాదు.

ప్రశ్న: స్వర్ణముఖిలో నీళ్లు బాగా వచ్చినప్పుడు ఈ చేపలు శ్రీకాళహస్తి దాకా రాగలవా? — ఒక పాఠకురాలు, శ్రీకాళహస్తి

రాగల శక్తి చేపకు ఉంది. ఏడాది పొడుగునా నీరు పారే నదులలో ఇవి సముద్రం నుంచి చాలా దూరం పైకి వెళ్లి మేస్తాయి. లోపం మన ఏటిలోనే ఉంది. స్వర్ణముఖి ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుక మేటగానే ఉంటుంది, దానికి తోడు దారిలో ఆనకట్టలు ఉన్నాయి. 2021 నవంబరులో వచ్చినటువంటి వరదలో ఏరు నిండినా, ఆ ఉధృతికి ఎదురీది ఇంత దూరం రావడం, వచ్చిన చేప నీరు తీయక ముందే తిరిగి పోవడం జరిగే పని కాదు. వరద తరువాత మీ ఊరి మడుగులలో దొరికేవి చెరువులు తెగి వచ్చిన చేపలు. కత్తిపరిగెను చూడాలంటే మీరు సముద్రం వైపే రావాలి.

ప్రశ్న: నాకు బోరు నీటితో నిండే సేద్యపు కుంట ఉంది. రాగండి, బొచ్చెలతో పాటు కత్తిపరిగెలు కూడా పెంచవచ్చా? — రైతు, పలమనేరు

పెంచవచ్చు. ఈజిప్టులో కార్ప్ చేపలతోను, తిలాపియాతోను కలిపి దీనిని పెద్ద ఎత్తున పెంచుతున్నారు. ఇది అడుగున పేరుకున్న సేంద్రియ పదార్థాన్ని తింటుంది కాబట్టి దాణా ఖర్చు తక్కువ, మాంసం ముక్కల మీద ఆధారపడే చేప కాదు కాబట్టి మిగతా పిల్లలను తినదు.

కానీ మూడు విషయాలు ముందుగా ఆలోచించుకోండి. మొదటిది పిల్లలు. మంచినీటి కుంటలో ఇది ఎన్నటికీ గుడ్లు పెట్టదు, ప్రతిసారీ పిల్లలు కొని తేవలసిందే. చాలా దేశాలలో ఇప్పటికీ ముఖద్వారాల దగ్గర పట్టిన పిల్లలతోనే పెంపకం నడుస్తున్నది. చెన్నైలోని కేంద్రీయ ఉప్పునీటి జీవుల పెంపక పరిశోధన సంస్థ, అంటే సీబా, హార్మోన్ల సహాయంతో ఈ చేప చేత గుడ్లు పెట్టించడంలో సఫలమైంది. పలమనేరు నుంచి చెన్నై దూరం కాదు కనుక ముందు అక్కడికే రాసి పిల్లల లభ్యత కనుక్కోండి. ఏటి మొగలో పట్టిన పిల్లలని ఎవరైనా సంచులలో తెచ్చి అమ్మితే నాలుగైదు జాతులు కలిసి ఉంటాయి. అంత చిన్న వయసులో వాటిని వేరు చేయడం నిపుణులకే కష్టం, వాటిలో కొన్ని అరచేతిని మించి పెరగవు.

రెండవది అలవాటు చేయడం. ఉప్పునీటి పిల్లలను తెచ్చిన రోజే కుంటలో వదిలితే చాలావరకు చనిపోతాయి. తొట్టెలో ఉంచి, కొన్ని రోజుల పాటు కొద్దికొద్దిగా మంచినీరు కలుపుతూ ఉప్పు తగ్గించాలి. కుంటలో కొర్రమీను ఉంటే వదలడానికి ముందే పూర్తిగా తీసివేయాలి.

మూడవది పట్టుబడి. వల లాగేటప్పుడు రాగండి వల మడతలోకి దిగుతుంది, కత్తిపరిగె వలపై నుంచి ఎగిరి అవతల పడుతుంది. వల పై అంచును నీటి మట్టానికి ఎత్తుగా పట్టుకోవాలి, లేదా కుంటను ఎండగట్టి పట్టాలి. బోరు నీటి మీద ఆధారపడిన మీరు కుంట ఎండగట్టడానికి ఇష్టపడతారా అన్నది మీరే తేల్చుకోవాలి. మా సలహా అడిగితే, మొదటి ఏడాది కుంటలో దీనిని ముఖ్య పంటగా కాక, పదింట ఒక వంతుకు మించకుండా వేసి చూడండి.

ప్రశ్న: పాలబొంత, కత్తిపరిగె ఒకటేనా? — పుత్తూరు

కాదు. పాలబొంతకు వీపు మీద ఒకటే రెక్క, తోక లోతుగా చీలి ఉంటుంది. కత్తిపరిగెకు వీపు మీద దూరదూరంగా రెండు రెక్కలు ఉంటాయి, ముందు దానిలో నాలుగు ముళ్లు ఉంటాయి. తల పైభాగం బల్లపరుపుగా ఉంటుంది. రెండూ ఉప్పుటేర్లలోనే పెరుగుతాయి, బంధుత్వం మాత్రం లేదు.

ప్రశ్న: విదేశాలలో ఈ చేప గుడ్లకు చాలా విలువ ఉందని విన్నాను. మన ఇంట్లో కూడా ఉప్పు పెట్టి ఎండబెట్టి తినవచ్చా? — ఒక పాఠకుడు, కుప్పం

విన్నది నిజం. గుడ్ల తిత్తులను చిరగకుండా తీసి, ఉప్పు పట్టించి, బరువు కింద అణచి ఎండబెట్టినదాన్ని ఇటలీలో బొట్టార్గా అని, జపానులో కరసుమి అని అంటారు. తైవాన్‌లో శీతాకాలపు చలి ప్రవాహంతో పాటు దక్షిణానికి దిగివచ్చే ఈ చేపల కోసం పడవలు ఎదురు చూస్తాయి, చేప కంటే గుడ్లకే ఎక్కువ ధర పలుకుతుంది. చేపనే ఉప్పులో పులియబెట్టి వసంతపు పండుగనాడు తినడం ఈజిప్టు ఆచారం. బ్రెజిల్ దక్షిణ తీరంలో లగూనా అనే ఊరిలోనైతే డాల్ఫిన్లు ఈ చేపకు దాయాది అయిన మరో జాతి గుంపులను ఒడ్డు వైపు తరుముతాయి. అవి చేసే సైగను బట్టి జాలర్లు విసురువల వేస్తారు, చెదిరిన చేపలు డాల్ఫిన్ల నోటికి చిక్కుతాయి. తరాలుగా సాగుతున్న ఆ ఉమ్మడి వేటను శాస్త్రజ్ఞులు కూడా అధ్యయనం చేశారు.

ఇంట్లో చేయడం గురించి మాత్రం జాగ్రత్త చెప్పవలసి ఉంది. ఉప్పుటేర్ల కత్తిపరిగె కండలో మనిషి పేగులకు పాకే చిన్న చదును పురుగుల పిల్లలు ఉండవచ్చు. సరిగా ఉప్పు పట్టని, పచ్చి లేదా సగం ఉడికిన చేప తినడం వల్ల ఈజిప్టులో ఆ జబ్బు చాలాకాలంగా ఉన్నది. బాగా ఉడికిస్తే ఆ పురుగులు చనిపోతాయి. కనుక గుడ్లు దొరికినప్పుడు పసుపు, కారం, ఉప్పు పట్టించి సన్నని సెగ మీద లోపలి దాకా ఉడికేలా వేయించుకోండి. తిత్తిని ముందుగా రెండు మూడు చోట్ల సూదితో పొడవండి. లేకపోతే ఆవిరి పట్టి పెనం మీద పగిలి, గుడ్లు ముఖాన చిందుతాయి.